మేక నోటికి అందని ఎత్తు: అనంతపురంలో ఒక గుట్ట మళ్ళీ చిగురించిన కేసు

ఊరి పేరు, మండలం, మా సంస్థ, నిధులిచ్చిన వాళ్ళ పేర్లు ఇక్కడ రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు కూడా తీసేశాను. కొండలు, గుట్టల మీద పని చేసే తోటివాళ్ళ కోసం రాస్తున్నాను. మేం తప్పు చేసిన చోట ఆ రోజు అలా ఎందుకు ఆలోచించామో కూడా చెప్తాను. ఎందుకంటే అప్పుడు మాకు అదే సరైన దారి అనిపించింది.

గుట్ట, ఊరు

ఉమ్మడి అనంతపురం జిల్లా దక్షిణ భాగంలో సుమారు 300 ఎకరాల గుట్ట ఇది. రికార్డుల్లో రెవెన్యూ బంజరు. పైభాగమంతా పెద్ద పెద్ద గుండ్లు, నడుమ ఎర్ర గరుసు నేల, కింద మూడు వంకలు. ఆ మూడూ కలిసి ఊరి చెరువులో పడతాయి. చెరువు కింద, చుట్టుపక్కల చెనిక్కాయ చేన్లు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ప్రాంతం. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డం. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. ఆ రెండింటిలో మిగిలిందే మాకు దక్కుతుంది.

మా జిల్లాలో ఎడారి అంటే అందరికీ కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బలే గుర్తొస్తాయి. ఈ గుట్ట మీద ఇసుక లేదు. కానీ 1994లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఎడారీకరణకు చెప్పిన అర్థం వేరు. వానలు తక్కువగా ఉండే ప్రాంతాల్లో వాతావరణ మార్పుల వల్ల, మనుషుల పనుల వల్ల నేల సారం కోల్పోవడాన్నే ఎడారీకరణ అంది. ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2021లో విడుదల చేసిన అట్లాస్ ప్రకారం 2018-19 నాటికి దేశంలో 9.78 కోట్ల హెక్టార్లు, అంటే మొత్తం భూమిలో 29.77 శాతం, సారం కోల్పోతున్న దశలో ఉంది. అందుకు కారణాల్లో అన్నిటికంటే పెద్దది నీటి కోత. మా గుట్టది కూడా ఆ జబ్బే. మట్టి కిందికి వెళ్ళిపోతోంది, గులకరాళ్ళు మిగిలిపోతున్నాయి.

చిన్నప్పుడు ఈ గుట్ట ఎక్కితే నెత్తికి ఎండ తగిలేది కాదని ఊర్లో పెద్దవాళ్ళు చెప్పారు. వరుస కరువుల్లో కట్టెల మోపులు, బొగ్గు టౌనుకు పోయాయి. ఆ తర్వాత మొలిచిన ప్రతి చిగురునూ జీవాలు, అంటే గొర్రెలు, మేకలు తిన్నాయి. పంట పోయిన ఏడు ఇంటిల్లిపాదికీ కట్టెల మోపే కూడు పెట్టింది. అందుకే ఇది ఎవరి తప్పని నేను అడగలేదు.

ఏ సమస్యతో వచ్చారు

2012 చివర్లో చెరువు కింది రైతులు మమ్మల్ని పిలిచారు. సెప్టెంబరులో ఒక రాత్రి గట్టి వాన పడితే, తెల్లారేసరికి వంక పక్కన ఉన్న చేన్లలో జానెడు మందాన గరుసు మేట వేసింది. చెరువు పూడికతో నిండింది. బోర్లు ఒక్కొక్కటీ ఎండుతున్నాయి. వాళ్ళు అడిగింది ఒక్కటే: "గుట్ట మీద చెట్లు పెట్టియ్యండి సార్."

రైతులు మందు పేరు కూడా వాళ్ళే చెప్పేశారు, మేం దాన్ని రాసిచ్చాం. గుట్ట మీద చెట్లు లేవు, కాబట్టి నాటాలి అనుకున్నాం. ఎందుకు లేవు, లేనట్టు కనిపిస్తున్నాయా నిజంగానే లేవా అన్న ప్రశ్న అప్పుడు మాకు తట్టలేదు. దానికి తోడు మాకు వచ్చిన నిధి మొక్కల లెక్కన వచ్చింది. ఎన్ని గుంతలు, ఎన్ని మొక్కలు, ఒక్కోదానికి ఎంత అని. లెక్క అలా ఉన్నప్పుడు ఆలోచన కూడా ఆ దారిలోనే నడుస్తుంది.

మొదటి రెండేళ్ళు

2013 జులైలో నాటాం. అడుగున్నర గుంతలు, నర్సరీ నుంచి పాలిథిన్ సంచుల మొక్కలు. కానుగ, వేప, చింత, ఉసిరి, సుబాబుల్ ఎంచుకున్నాం. వేప, కానుగ ఎండను తట్టుకుంటాయి, చింత, ఉసిరి రేపు ఊరికి ఆదాయం ఇస్తాయి, సుబాబుల్ తొందరగా పెరుగుతుంది. కాగితం మీద ఏ తప్పూ లేదు. జులై ఎందుకంటే మొక్కలు నాటే కార్యక్రమాలన్నీ ఆ నెలలోనే జరుగుతాయి, నర్సరీలు కూడా అప్పటికే మొక్కలు సిద్ధం చేస్తాయి.

తర్వాతి మే నెలలో నడిచి లెక్కపెడితే పదింట ఒకటి బతికింది.

వాన తక్కువ పడింది, నీళ్ళు పోసుంటే బతికేవి అనుకున్నాం. 2014లో చచ్చినవాటి చోట మళ్ళీ నాటి, ట్రాక్టర్ ట్యాంకరుతో నీళ్ళు పోశాం. ఆ ఏడు కరువు. ట్యాంకరు ఎక్కడానికి గుట్ట మీద బాట తీశాం. నీళ్ళు పోసినన్నాళ్ళు బాట పక్కన మొక్కలు పచ్చగానే ఉన్నాయి. డబ్బులు అయిపోయి ట్యాంకరు ఆగిన రెండు నెలల్లో అవీ పోయాయి. పైగా ఆ బాటలో ట్రాక్టర్ చక్రాల గాళ్ళ వెంట వాన నీళ్ళు పారి, మరుసటి ఏటికి మోకాలి లోతు వంక పడింది. గుట్టకు ఒక కొత్త గాయం మా చేతులతోనే చేశాం.

చచ్చిన మొక్కల్ని పీకి చూశాను. ఈ పని మొదటి ఏడే చేసుండాల్సింది. చాలావాటి వేళ్ళు సంచి ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి, పాత మంచం స్ప్రింగులా. నర్సరీలో సంచి అడుగుకు తగిలి వంకర తిరిగిన తల్లివేరు గుంతలో పెట్టాక కూడా కిందికి దిగలేదు. మేం పోసిన నీళ్ళు పైన జానెడు తడిపితే వేళ్ళు ఆ జానెడులోనే ఉండిపోయాయి. గుంత అడుగున గట్టి గరుసు ఉంది, వేరు దాన్ని తాకను కూడా లేదు.

జులైది ఇంకో తప్పు. మా దగ్గర వాన ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బులు పోతుంటాయి, గాలి మాత్రం ఆగకుండా కొడుతుంది. మా కొండల మీద గాలిమరలు పెట్టింది కూడా ఆ గాలి కోసమే. రెండు జల్లులకు నేల తడిసిందని జులైలో లేత మొక్కను బయటపెడితే, రెండు నెలల గాలికి ఆకులోని తడంతా ఆరిపోతుంది. చెనిక్కాయ రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. మేమే వాళ్ళను అడగలేదు.

మొద్దు

2015 ఏప్రిల్‌లో, ఎండిపోయిన ఒక గుంత దగ్గర కూర్చుని ఉంటే జీవాలు మేపుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. కట్టె మీద గడ్డం ఆనించి కాసేపు చూశాడు. తర్వాత గుంత అంచు మట్టిని కట్టెతో గీకి చూపించాడు.

"సార్, మీరు గుంత తీసిన కాడ చిగిర మొద్దు ఉండె. దాన్ని పెరికేసి ఈ మొక్క పెట్టినారు. ఇది సచ్చె. అదీ పోయె."

చిగిర అంటే మా గుట్టల మీద పెరిగే ఒక చెట్టు. నేను నమ్మలేదు. పక్కనే మోకాలి ఎత్తున్న ఒక చిన్న పొద ఉంటే, "ఇది ఎన్నేళ్ళది తాతా?" అని అడిగాను. "నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఇంతే ఉంది" అన్నాడు. గడ్డపారతో దాని చుట్టూ తవ్వాం. మోకాలెత్తు పొద కింద నా ముంజేతి అంత లావు వేరు ఉంది. మూడడుగులు తవ్వినా చివర దొరకలేదు, గరుసును చీల్చుకుని బండల సందులోకి దిగిపోయింది. పైన కొమ్మలన్నీ కొరికి కొరికి ముద్దగా మారాయి, ఆకులు వేలి గోరంత. ప్రతి ఏడూ వానకు చిగురు వేస్తుంది, చిగురు మేక నోట్లోకి పోతుంది. అది పొద కాదు, చెట్టు. ఎదగనియ్యని చెట్టు.

మేం ఏ వేరునైతే గరుసులోకి దింపలేకపోయామో, ఆ వేరు అక్కడ ఎప్పటి నుంచో ఉంది. అలాంటివాటిని గుంతల కోసం ఎన్ని పెరికేశామో లెక్క లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డబ్బా, తాడు

ఇంకేమీ నాటకుండా ఆ వేసవంతా గుట్టను చూడటానికే పెట్టాం. నిధి ఇచ్చినవాళ్ళకు ఈ ఏడు మొక్కల లెక్క సున్నా అని రాయాల్సి వచ్చింది. ఆ ఉత్తరం రాయడానికి చాలా టెన్షన్ పడ్డాం. అయినా ఒప్పుకున్నారు.

చూడటం రెండు రకాలుగా సాగింది. మొదటిది తాడుతో. పది మీటర్ల చదరాలు గీసి ఒక్కో చదరంలో బతికున్న మొద్దులు, కొరుకుడు పొదలు లెక్కపెట్టాం. చెట్ల పేర్లు మాకంటే మేపేవాళ్ళకే బాగా తెలుసు కాబట్టి వాళ్ళను వెంట తీసుకెళ్ళాం. గుండ్ల మధ్య పైభాగంలో చిగిర, సుండ్ర, బలుసు, నారేపి, రేగు ఒక్కో చదరంలో పదికి తక్కువ లేవు. నడుమ వాలులో అక్కడక్కడా తంగేడు, బందారు. నైరుతి వైపు ముఖంలో ఏమీ లేదు, ఉత్త పెంకు నేల.

రెండోది డబ్బాతో. అడుగు తీసేసిన పాలపొడి డబ్బాను నేలలోకి రెండు వేళ్ళు దిగేలా కొట్టి, లీటరు నీళ్ళు పోసి గడియారం చూడటం. బలుసు పొద కింద పోస్తే పావుగంటలో ఇంకిపోయాయి. అదే పొదకు నాలుగు అడుగుల అవతల, పెంకు నేల మీద పోస్తే గంట దాటినా సగం నీళ్ళు డబ్బాలోనే ఉన్నాయి, పైన ఒక చీమ తేలుతూ. వాన చినుకు దెబ్బకు సన్నమట్టి పైకి లేచి, ఆరాక అప్పడంలా బిగుసుకుంటుంది. దాని మీద పడిన వాన లోపలికి పోలేదు, కిందికి పారాల్సిందే. చేన్లలో పడిన మేటకు మూలం ఇదే.

ఈ పరీక్ష చూడటానికి ఊరి నుంచి పదిహేను మంది దాకా వచ్చారు. నేను ఎన్ని మీటింగుల్లో చెప్పినా ఎక్కని మాట ఆ డబ్బా చెప్పింది. ఒకామె అంది: "అట్లయితే చెట్టు కాదన్నా, ముందు గడ్డి కావల్ల."

మా పని క్రమం అక్కడ తలకిందులైంది. నేలలోకి నీళ్ళు దిగాలంటే పెంకు పగలాలి, పెంకు పగలాలంటే గడ్డి వేళ్ళు కావాలి, గడ్డి మొలవాలంటే నీళ్ళు కొంచెంసేపైనా నిలబడాలి. చెట్టు చివరి మెట్టు. గుట్టను మూడుగా విడదీశాం. పైభాగంలో వేళ్ళు బతికున్నాయి కాబట్టి అక్కడ ఏమీ తవ్వకూడదు, కాపలా చాలు. నడుమ నీళ్ళ పని, గడ్డి. కింద వంకల్లో రాతి కట్టలు, తర్వాత కొన్ని మొక్కలు.

వేళ్ళనుంచి చెట్లను లేపడం మేం కనిపెట్టింది కాదు. 1980ల్లో ఆఫ్రికాలోని నైజర్ దేశంలో మరాడీ ప్రాంతంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు మొక్కలు నాటి నాటి విసిగి, పొలాల్లో నరికేసిన మొద్దుల చిగుళ్ళను కాపాడటం మొదలుపెట్టాడు. ఆ దేశంలో దాదాపు 50 లక్షల హెక్టార్లు అలా పచ్చబడ్డాయి. అంత దూరం పోనక్కర్లేదు, మా జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లి ఉంది. 1990ల నుంచి కొన్ని ఊర్లు కలిసి కాపాడుకుంటున్న కొండలు. నాటింది తక్కువ, కాపాడింది ఎక్కువ. ఆ కొండలు నేను అంతకు ముందే చూశాను. చూసి కూడా మా గుట్ట మీద గుంతలు తీయించాను.

నీళ్ళ పనిలో మళ్ళీ ఒక తప్పు

2015 ఆగస్టులో ఇంగ్లిష్ 'A' ఆకారపు చెక్క చట్రం, దానికి వేలాడే రాయి సాయంతో కాంటూర్ లైన్లు, అంటే వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో సాగే గీతలు వేసి, నడుమ వాలులో పొడుగ్గా కందకాలు తీయించాం. ఉపాధి హామీ కింద జరిగిన పని. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది, అందుకని ఈ పని ఇక్కడ ఇంటింటికీ తెలుసు. పొడుగాటి కందకాలు ఎందుకు ఎంచుకున్నాం? కూలి కొలత మీద వస్తుంది. ఎంత మట్టి తీస్తే అంత కూలి. పొడుగు కందకంలో కొలత సులువు, కూలి బాగా పడుతుంది.

సెప్టెంబరు వానకు ఒక కందకం ఒక్క చోట తెగింది. వంద మీటర్ల కందకంలో నిలిచిన నీళ్ళన్నీ ఆ ఒక్క కంతలోంచి పోయాయి. కింది కందకం అంత నీటిని ఆపలేక తెగింది, దాని కిందది కూడా. ఒక్క గంటలో వాలు మీద కొత్త వంక. పొడుగు కందకంలో ఎక్కడో ఒక చోట రెండు వేళ్ళు పల్లం ఉంటే చాలు, నీళ్ళు ఆ చోటు వెతుక్కుంటాయి.

తర్వాత పది, పన్నెండు అడుగుల చిన్న కందకాలకు మారాం. పై వరుసలో ఖాళీ ఉన్న చోట కింది వరుసలో కందకం వచ్చేలా మార్చి మార్చి పెట్టాం. ఒకటి తెగినా పోయేది ఒక దాని నీళ్ళే. వాలు బాగా ఎక్కువ ఉన్న చోట కందకం తీయడం పూర్తిగా ఆపేశాం, అక్కడ దొరికిన రాళ్ళనే వరుసగా పేర్చాం. వంకల్లో రాతి కట్టలు పైనుంచి కిందికి కట్టుకుంటూ వచ్చాం. ఊరివాళ్ళు కిందనుంచి కట్టమన్నారు, చేన్లు కిందే కాబట్టి. కానీ పైన నీళ్ళ వేగం తగ్గకుండా కింద కట్టిన కట్ట నిలవదు. కట్ట నడిమి భాగం పక్కలకంటే అడుగు తక్కువ ఎత్తు ఉండాలి, నీళ్ళు పొర్లినప్పుడు నడుమనుంచే పోవాలి. ఈ ఒక్క సంగతి మర్చిపోయి కట్టిన రెండు కట్టలను నీళ్ళు పక్కలనుంచి కోసి వెళ్ళిపోయాయి.

రాళ్ళ పనికి ఒళ్ళు ఎక్కువ నొప్పి, కొలత తక్కువ. ఆ తేడా డబ్బు మా నిధిలోనుంచి కలిపి ఇచ్చాం. అది ఇవ్వకపోతే పని కాగితం మీద మాత్రమే ఉండేది.

జీవాల గొడవ

కేసు మొత్తంలో కష్టమైన భాగం ఇదే. నేల సంగతి డబ్బా చెప్పింది, మనుషుల సంగతి చెప్పే డబ్బా ఏదీ లేదు.

2015 అక్టోబరులో రచ్చకట్ట దగ్గర మీటింగు పెట్టి, గుట్ట మొత్తం మీద మేత బంద్, తప్పితే జరిమానా అని తీర్మానం చేశారు. చేతులెత్తింది ఎక్కువగా చేన్లున్న రైతులు. జీవాలున్నవి పదకొండు కుటుంబాలు, వాళ్ళు మీటింగులో వెనక నిలబడ్డారు, ఏమీ మాట్లాడలేదు. మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. చేన్లు బాగుపడితే లాభం రైతులది, మేత పోతే నష్టం ఈ పదకొండు ఇళ్ళది. ఈ లెక్క నేను ఆ రోజే వేసుండాల్సింది.

మూడు నెలలు రాత్రిళ్ళు మేపారు. 2016 ఫిబ్రవరిలో గుట్టకు అగ్గి పడింది. ఎవరు పెట్టారో అడగలేదు, ఇప్పటికీ అడగను. కాలిస్తే వానకు లేత గడ్డి వస్తుందని పాతకాలం నుంచి ఒక నమ్మకం ఉంది. కోపం కూడా ఉండొచ్చు. పైభాగంలో ఒక వానాకాలం ఎదిగిన చిగుళ్ళన్నీ నల్లగా మాడిపోయాయి.

నాకు మొద్దు చూపించిన పెద్దాయన ఇంటికి వెళ్ళాను. తీర్మానం రోజు ఆయన కూడా వెనకే నిలబడ్డాడు. "గుట్ట మూసేస్తే నా మందను యాడికి తోలల్ల సార్? మీ ఆఫీసుకా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు అక్కడే తేల్చుకున్నాం, తీర్మానం వాళ్ళనుంచి రావాలని.

నాలుగు నెలలు పట్టింది. చివరికి కుదిరింది ఇది. మూడు వంకలనే హద్దులుగా పెట్టుకుని గుట్టను మూడు భాగాలు చేశారు. ఒక భాగమే మూత, మిగతా రెండింట్లో మేత. మూసిన భాగం తెరిచేది సంవత్సరాల లెక్కతో కాదు, చిగురు మేక నోటికి అందని ఎత్తుకు వచ్చాకే. ఈ కొలత వాళ్ళు పెట్టిందే. మేక వెనక కాళ్ళ మీద నిలబడి ఎంత ఎత్తు అందుకుంటుందో వాళ్ళకంటే ఎవరికి తెలుసు? గొర్రెకు, మేకకు వేరు వేరు నియమం పెట్టారు. గొర్రె ఎక్కువగా గడ్డి మేస్తుంది, మేక చిగురు తింటుంది. అందుకని తెరిచిన మొదటి ఏడు గొర్రెలకే. మూసిన భాగంలో నవంబరు నుంచి గడ్డి కోసుకోవచ్చు, కొడవలితోనే. ఎండు పుల్లలు ఏరుకోవచ్చు. కాపలాకు జీవాలున్న ఇళ్ళ నుంచే ఇద్దరు, జీతం మా నిధి నుంచి, తర్వాత గడ్డి మోపుల మీద వచ్చే రుసుము నుంచి. జనవరిలో పదడుగుల వెడల్పున ఫైర్ లైన్, అంటే మంట దాటకుండా గడ్డి లేని పట్టీ, చెక్కే పని కూడా వాళ్ళదే.

ఆ తర్వాత పెద్ద అగ్గి మళ్ళీ పడలేదు. రెండుసార్లు చిన్నగా అంటుకుంటే మేపేవాళ్ళే వేప మండలతో కొట్టి ఆర్పారు.

నాటడం, చివరగా

పైభాగంలో మొద్దుల పని చలికాలంలో చేశాం. ఒక మొద్దుకు పది, పన్నెండు పిలకలు వస్తాయి. అన్నీ వదిలితే అన్నీ పొదలే. బలమైనవి రెండో మూడో ఉంచి మిగతావి నేలకు ఆనించి కోశాం, కోసిన కొమ్మలనే వాటి చుట్టూ కంపగా వేశాం. ఖర్చు కూలి ఒక్కటే.

నడుమ వాలులో కందకాల గట్ల మీద బోధ గడ్డి, స్టైలో హమాటా అనే పశువుల మేత మొక్క గింజలు చల్లాం. తంగేడు, సుండ్ర, రేగు గింజలు నేరుగా విత్తాం, నర్సరీ సంచి లేకుండా. సంచిలో పెరగని వేరు మొదటి రోజునుంచే కిందికి దిగుతుంది. విత్తింది ఆగస్టు ఆఖరులో, ఉత్తర కార్తె వానకు ముందు. తుమ్మ గింజలు మేకల దొడ్లనుంచి ఏరి తెచ్చారు. కాయ తిన్న మేక గింజను బయటికి వదిలేసరికి గట్టి తొక్క మెత్తబడి ఉంటుంది, తొందరగా మొలుస్తుంది. గుట్టను తిన్నదని మేం తిట్టుకున్న మేకే ఇక్కడ విత్తనాలు సిద్ధం చేసి ఇచ్చింది.

రాతి కట్టల వెనక మట్టి నిండాక, అంటే 2017 సెప్టెంబరులో, అక్కడ మాత్రం కానుగ, నేరేడు, సీతాఫలం మొక్కలు నాటాం. మొత్తం నాలుగు వందలు కూడా కాదు. మొదటి ఏడు నాటిన వేలతో పోలిస్తే చాలా తక్కువ. బతికినవి మాత్రం ఎక్కువ, ఎందుకంటే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో ఈసారి ముందే చూశాం.

సర్కారు తుమ్మ విషయంలో మాలో మాకే గొడవ జరిగింది. కొందరు మొత్తం పీకేయమన్నారు. కానీ ఊరి పొయ్యిలో కాలేది అదే. అది పోతే కొడవలి చిగిర మీదికి పోతుంది. కట్టల మీద మొలిచినవి తీసేసి, ఊరి పక్కన ఉన్నవి వదిలేశాం.

ఏం మారింది, ఏం మారలేదు

2018 మళ్ళీ కరువు. నాకు అసలు పరీక్ష అదే. నేరుగా విత్తినవాటిలో చాలా పోయాయి, మొద్దు పిలకలు మాత్రం ఆకు రాల్చి నిలబడ్డాయి, మరుసటి వానకు మళ్ళీ చిగిర్చాయి. 2019 చివరికి మొదట మూసిన భాగంలో చాలా చెట్లు మేక నోటికి అందని ఎత్తు దాటాయి. తెరిచారు, రెండో భాగం మూశారు.

2021 నవంబరులో జిల్లా అంతా కుండపోత. రాతి కట్టల్లో నాలుగు కొట్టుకుపోయాయి. కానీ వాలు మీద గడ్డి ఉన్న చోట కొత్త వంక పడలేదు, చేన్లలో మేట చాలా తగ్గింది. కింది వంకలో ఈత చెట్లు వాటంతటవే వచ్చాయి, ఎవరూ నాటలేదు. బోధ గడ్డి కప్పులకు, చీపుర్లకు అమ్ముకుంటున్నారు.

బోర్లలో నీళ్ళు పెరిగాయని ఊర్లో అంటారు. 2020, 2021 రెండూ మంచి వానల ఏళ్ళు. అందువల్ల ఆ పెరుగుదలను ఈ పని ఖాతాలో నేను వేయను. పని మొదలు కాకముందు నుంచే బోర్ల మట్టం కొలిచి రాసుకోవాల్సింది, మేం రాయలేదు. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళు తాడు, డబ్బాతో పాటు బోరు మట్టం కొలిచే పుస్తకం కూడా మొదటి రోజే తెరవండి.

నేను ఇప్పుడు ఏ కొత్త గుట్టకు పిలిచినా మొక్కల సంఖ్య రాసిన ప్రతిపాదన తీసుకెళ్ళను. ముందు ఒక వేసవి, ఒక వానాకాలం చూడటానికి అడుగుతాను. మేపేవాళ్ళు లేని మీటింగులో సంతకం పెట్టను. ఉన్నా వెనక నిలబడితే పెట్టను. మొద్దులు లేని గుట్టలు కూడా ఉంటాయి, అక్కడ ఈ పద్ధతి పనికిరాదు. ఆ సంగతి ఈ గుట్టే చూపిస్తోంది, ఎందుకంటే నైరుతి ముఖం ఇప్పటికీ బోడిగానే ఉంది. అక్కడ పై మట్టి అంతా పోయింది, మొద్దులు లేవు, గాలి నేరుగా కొడుతుంది. రెండుసార్లు గడ్డి విత్తితే రెండుసార్లూ గింజ గాలికీ వానకూ కొట్టుకుపోయింది.

పోయిన వేసవిలో అక్కడ కంపను అడ్డంగా పరిచి, మీద రాళ్ళు పెట్టారు. కొట్టుకొచ్చే సన్నమట్టి ఆ కంపలో ఆగుతుందేమో చూద్దామని. ఈ ఆలోచన కాపలా వాళ్ళది, పెద్దాయన మనవడిది. మొన్న వెళ్ళి చూస్తే కంప కింద రెండు వేళ్ళ మందాన మట్టి చేరింది. అందులో మేకల దొడ్డి గింజలు కొన్ని గుచ్చి వచ్చాం. ఉత్తర కార్తె వాన పడ్డాక వెళ్ళి లెక్కపెట్టాలి.